చలికాలంలో పెద్ద ఎండ

మొన్న మెల్‌బోర్న్ పక్కనున్న టార్నీట్ నుంచి మా తమ్ముడి కూతురు ఫోన్ చేసింది. ఆఫీసులో ఏదో సాఫ్ట్‌వేర్ రిలీజు బోల్తా కొట్టిందట, అందరూ కలిసి తన మీద పడ్డారట. "ఫుప్పూ, నోబడీ లిజన్స్ టు మీ" అని ఒకటే ఏడుపు. నేను ఓదార్చలేదు. ఉద్యోగమంతా కంప్యూటర్ల మధ్యే గడిపి రిటైరయిన మనిషిగా నాకు బాగా తెలిసింది ఒక్కటే. ఆఫీసులో ఎవరూ ఎవరి మాటా వినరు. వినకుండా ఉండటానికే జీతాలిస్తున్నారేమోనని నాకు చాలాసార్లు అనుమానం కూడా వచ్చింది. ఆ పిల్లకు ఆ రోజు చెప్పిన సంగతే మీకూ చెబుతాను. మీరూ ఇంచుమించు ఆ పిల్ల వయసు వాళ్లే కదా.

రెండువేల సంవత్సరం దగ్గరపడుతున్న రోజులవి. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో సరిపెట్టేవాళ్లు. తొంభై తొమ్మిది తర్వాత సున్నా సున్నా వస్తే యంత్రాలు వందేళ్లు వెనక్కి పోతాయని లోకమంతా హడలిపోయింది. ఆ హడలు పుణ్యమా అని మాలాంటి వాళ్లకు వీసాలు దొరికాయి. ప్రొద్దుటూరులో పుట్టి, హైదరాబాదులో చదివి, నేను ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో తేలాను. క్లయింటుకూ ప్రోగ్రామర్లకూ మధ్య నిలబడటం నా పని. క్లయింటు చెప్పింది ప్రోగ్రామర్లకు అర్థమయ్యేలా చెప్పాలి. ప్రోగ్రామర్లు చేసింది క్లయింటుకు కోపం రాకుండా చెప్పాలి. రెండు వైపుల తిట్లూ మాత్రం నాకే.

అప్పటి మా క్లయింటు, ఊళ్లో చైనా తైవాన్ వాళ్లు ఎక్కువగా ఉండే సన్నీబ్యాంక్ అనే పేటలో టోకు వ్యాపారం చేసే ఒక తైవాన్ ఆవిడ. యాభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉండేది. ఎండు పుట్టగొడుగులు, బియ్యప్పిండి, టీ ఆకులు, రకరకాల ఎండు మూలికలు తెప్పించి ఆ చుట్టుపక్కల హోటళ్లకూ దుకాణాలకూ సరఫరా చేసేది. వ్యాపారమంతా వాళ్ల సంప్రదాయ క్యాలెండరు మీద నడిచేది. అందులో సూర్యుడి నడకను బట్టి ఏడాదిని ఇరవై నాలుగు భాగాలు చేస్తారు. ఒక్కో భాగానికి ఒక పేరు, అది మొదలయ్యే రోజుకు ఒక తిండి. వేసవి భాగాల్లో చివరి దాని పేరు దాషూ. మన మాటల్లో చెప్పాలంటే పెద్ద ఎండ. జూలై మూడు వంతులు గడిచాక వస్తుంది. ఆ రోజు తైవాన్‌లో అనాసపండు తింటారు. ఒక రకం ఎండు ఆకును గంటల తరబడి మరిగించి, నల్లటి జెల్లీ చేసి, ఒళ్లు చల్లబడటానికి దాన్నీ తింటారు.

చిక్కేమిటంటే, ఆస్ట్రేలియాలో జూలై నడి చలికాలం. బ్రిస్బేన్ చలి కూడా ఒక చలేనా అని మెల్‌బోర్న్ వాళ్లు నవ్వుతారు గానీ, పొద్దున పూట స్వెట్టర్ లేకుండా గుమ్మం దాటలేం. ఆవిడ ఆ చిక్కును తనదైన పద్ధతిలో పరిష్కరించుకుంది. రోజు మార్చలేదు, జెల్లీని వేడిగా పెట్టింది. పెద్ద ఎండ నాడు ఆవిడ దగ్గర సరుకు తీసుకునే ప్రతి హోటలూ, ప్రతి కొట్టూ, గుమ్మం తొక్కిన వాళ్లందరికీ ఒక గిన్నెడు వేడి జెల్లీ, ఒక అనాస ముక్క ఊరికే పెట్టాలి. ఆకూ పండూ ఆవిడే పంపుతుంది. ఏటా జరిగే ఆనవాయితీ. ఆ రోజుకు ముందే తలుపులకు ఆ సంగతి రాసిన కాగితాలు అంటించేవాళ్లు. ముసలీ ముతకా స్వెట్టర్లు, టోపీలు వేసుకుని వచ్చి, పొగలు కక్కే గిన్నె పట్టుకుని, ఎండలు మండిపోతున్నాయని ఒకరితో ఒకరు చెప్పుకునేవాళ్లు. నేను కళ్లారా చూశాను.

పాత ప్రోగ్రాములో ఈ రోజులన్నీ ఒక పట్టికగా ఉండేవి. ఆ పట్టిక తొంభై తొమ్మిదితో అయిపోయింది. ఆ తర్వాత అంతా ఖాళీ. కొత్త ప్రోగ్రాము ఆ రోజులను తనే లెక్కకట్టి, వారం ముందుగా అనాస తోట రైతుకు ఫ్యాక్స్ పంపాలి, ఏ కొట్టుకు ఎంత ఆకు పోవాలో గోడౌనుకు చెప్పాలి. మేం చేయవలసింది అదీ. చూడటానికి చిన్న పని.

మా ప్రాజెక్టు మేనేజరు ఇక్కడి మనిషి. చలికాలంలో కూడా నిక్కరే. ఏం చెప్పినా "నో వర్రీస్" అనేవాడు. వర్రీలన్నీ మాకొదిలేశాక ఆయనకేం ఉంటాయి?

ప్రోగ్రామరు తెనాలి ఆయన. నాకంటే పది పన్నెండేళ్లు పెద్ద. నేను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను అమ్మా అనేవాడు. పనిమంతుడే, ఆ మాట కాదనలేను. కానీ ఆయనకు కంప్యూటరు కంటే పంచాంగం మీద మక్కువ. మానిటరు పక్కనే పంచాంగం ఉండేది. రాహుకాలంలో కొత్త కోడు ఎక్కించేవాడు కాదు. ఆ రాహుకాలాన్ని కూడా తెనాలిది కాకుండా, బ్రిస్బేన్ సూర్యోదయానికి సరిచేసి మరీ లెక్కకట్టుకునేవాడు. ఎందుకు ఆలస్యమైందని మేనేజరు అడిగితే, "నెట్‌వర్క్ స్లోగా ఉంది" అని నేను సర్దిచెప్పేదాన్ని. ముస్లింల ఇంట్లో పుట్టిన ఆడదాన్ని, రాహుకాలం కోసం అబద్ధాలాడటం నా నొసట రాసిపెట్టి ఉంది కాబోలు.

ఆయన నోరు మంచిది కాదు. అంటే బూతులని కాదు, వాదన. తనది ఒప్పయితే ఎదుటివాడు ఒప్పుకునేదాకా వదలడు. ఆ వాదనల వల్లే అంతకు ముందు ఇద్దరు క్లయింట్లు వద్దన్నారు. మమ్మల్ని ఇక్కడికి తెచ్చిన కన్సల్టెన్సీ వాళ్లు ఆయనకు స్పష్టంగా చెప్పేశారు. ఈ క్లయింటు పని బాగుందని సంతకం పెడితే ఉంటావు, పెట్టకపోతే టికెట్ కొనిస్తాం, ఇంటికెళ్లిపో అని. ఆయన వీసా వాళ్ల చేతిలో ఉంది. అప్పటికి భార్యా కూతురూ వచ్చి ఆరు నెలలు కూడా కాలేదు. కూతురు హైస్కూల్లో చేరింది, నెట్‌బాల్ టీములో చోటు తెచ్చుకుంది. ఒకరోజు వాళ్లింటికి భోజనానికి వెళితే, ఆ పిల్ల నన్ను వరండాలోకి పిలిచి, "ఆంటీ, డాడ్ జాబ్ ఓకేనా? ఐ డోంట్ వాంట్ టు చేంజ్ స్కూల్ అగైన్" అంది. ఓకే అన్నాను. ఏం చెప్పను మరి?

పెద్ద ఎండ రోజును ఎలా లెక్కకడతారని నేను తైవాన్ ఆవిడను అడిగాను. సూర్యుడు నూట ఇరవయ్యో డిగ్రీకి చేరిన రోజే పెద్ద ఎండ అని చెప్పింది. ఆ ముక్కే వచ్చి మా తెనాలి అన్నకు చెప్పాను. ఆయన తొడ చరిచాడు.

"ఓస్ ఇంతేనా! నూట ఇరవై అంటే సింహ సంక్రమణం కదమ్మా! మనవాళ్లు ఎప్పుడో కట్టిపెట్టిన లెక్క. సింహరాశి మొదలయ్యేది అక్కడే. దీనికి మీటింగులెందుకు?"

"అన్నా, ఇంత కష్టమెందుకు? సన్నీబ్యాంక్‌లో ప్రతి చైనా అంగడోడూ ఫ్రీగా క్యాలెండర్ ఇస్తాండాడు గదా. అందులో చూసి డేట్ కొట్టేస్తే సరిపాయె" అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "డేట్లు టైపు కొట్టడానికి తెనాలి నుంచి రావాలా అమ్మా? అయినా వచ్చే పదేళ్ల క్యాలెండర్ ఏ కొట్టువాడిస్తాడు? మనం లెక్కకట్టే ప్రోగ్రాం రాస్తున్నాం."

అది కూడా నిజమే. సూర్యుడి లెక్కలు నాకు తెలియవు. మా ఇంట్లో చంద్రుడు కనిపిస్తే చాలు, నెల మారినట్టే. సూర్యుడు ఏ డిగ్రీలో ఉన్నాడో మా అబ్బాజాన్ ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు.

ఆ తర్వాతి మీటింగు నా జీవితంలోకెల్లా సుదీర్ఘమైన మీటింగు. మేనేజరు ఆ రోజే మొదటిసారి పెద్ద ఎండ అంటే ఏమిటో చదివాడు. చదివి బల్ల మీద గుద్దాడు.

"ఇది బగ్! పెద్ద ఎండ చలికాలంలో ఎలా వస్తుంది? మనం భూగోళానికి కింది వైపు ఉన్నాం మేట్. దీన్ని ఆరు నెలలు జరపాలి. జనవరిలో పెట్టండి, సింపుల్."

అది పండగ లాంటిదని నేను చెప్పాను. డిసెంబరులో మండే ఎండలో మీరు క్రిస్మస్ చేసుకోవడం లేదా, దాన్ని జూన్‌కు జరిపారా అని అడిగాను. "దట్స్ డిఫరెంట్" అన్నాడు. ఎలా డిఫరెంటో చెప్పలేదు. పొద్దున మొదలైన మీటింగు లంచ్ దాటినా తెగలేదు. తెనాలి అన్న తెల్లబోర్డు మీద భూమిని గీశాడు, సూర్యుణ్ణి గీశాడు, ఉత్తరాయణం దక్షిణాయనం గీశాడు. మేనేజరు ఆ బొమ్మనే చూపించి, "చూశారా, కింది వైపు ఎండ లేదు, నేను చెప్పలేదా" అన్నాడు. నాకు తలనొప్పి మొదలైంది. చివరికి నేను క్లయింటుకు ఫోన్ కలిపి స్పీకరులో పెట్టాను.

ఆవిడ ఒకే ఒక్క మాట అంది. "నా పెద్ద ఎండను ముట్టుకుంటే మిమ్మల్నందరినీ బయటికి పంపిస్తాను."

మేనేజరు "నో వర్రీస్" అన్నాడు. అయిపోయింది. ఆ రోజంతా కొట్టుకుని మేం గెలిచింది ఆరు నెలల తేడా. దానికింద మూడు వారాల పైచిలుకు తేడా ఒకటి నిక్షేపంగా నక్కి కూర్చుందని మాకెవరికీ తోచలేదు. తెనాలి అన్న తన లెక్కను ఎక్కించి, తొంభై తొమ్మిదికి ఇంకా పనికొచ్చే ఆ పాత పట్టికను కూడా పీకి పారేశాడు. కొత్త లెక్క ఉండగా ఎంగిలి పట్టిక ఎందుకన్నాడు. మంచి ముహూర్తం చూసి, జూలై మొదట్లో, చిన్న ఎండ అనే రోజు దాటిన వెంటనే, కొత్త ప్రోగ్రామును నడిపించాం. ఇక అది మొదటిసారిగా చూసుకోవలసింది పెద్ద ఎండనే.

పెద్ద ఎండకు రెండు రోజుల ముందు పొద్దున్నే ఆవిడ నుంచి ఫోన్. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"నా అనాసపళ్లు ఎక్కడ?" అంది.

వెళ్లేసరికి గోడౌను ప్రశాంతంగా ఉంది. అది చూసే భయం వేసింది. ఆ వారమంతా ఒకరి మీద ఒకరు పడి పనిచేయవలసిన చోట ఇద్దరు మనుషులు కూర్చుని టీ తాగుతున్నారు. ఎండు ఆకు మూటలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. రైతుకు ఫ్యాక్స్ పోలేదు. ఆయన ఈ ఏడు వద్దనుకున్నారేమోనని మంచి పండంతా, పళ్లను డబ్బాల్లో పెట్టి అమ్మే క్యానరీకి తోలేశాడు. కంప్యూటరులో పెద్ద ఎండ ఎప్పుడని చూస్తే, ఆగస్టు నడిమధ్యన తీరిగ్గా కూర్చుని ఉంది.

నేను తెనాలి అన్నను గోడౌను మూలకు లాక్కెళ్లాను.

"ఏందన్నా ఇది? ఆగస్టు అని చూపిస్తాండాది!"

"అవునమ్మా. సింహ సంక్రమణం ఆగస్టులోనే కదా వచ్చేది."

"ఆయమ్మకు ఎల్లుండే గదన్నా పండగ!"

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. ఆ మొహంలో భయం కోసం వెతికాను. భయం లేదు. సంతోషం కనిపించింది. నా ఒళ్లు మండిపోయింది.

"అయనాంశమ్మా!" అన్నాడు. "అయ్యో, అయనాంశ! నేను ఆలోచించనే లేదు చూశావా!"

ఆయన చెప్పిందాన్ని, మధ్యలో నేను తిట్టిన తిట్లు తీసేసి మీకు చెబుతాను. సూర్యుడు నడిచే దారి ఒకటే. ఆ దారిని డిగ్రీలుగా కొలవడం మొదలుపెట్టే చోటే వేరు. మన పంచాంగం నక్షత్రాలను పట్టుకుని కొలుస్తుంది. వాళ్లు పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజును పట్టుకుని కొలుస్తారు. ఒకప్పుడు ఆ రెండూ ఒకేచోట ఉండేవట. వందల ఏళ్లలో జరిగి జరిగి ఎడం వచ్చింది. ఆ ఎడం పేరే అయనాంశ. అందుకే వాళ్ల నూట ఇరవై జూలైలో వస్తే మన నూట ఇరవై ఆగస్టులో వస్తుంది. ఇదంతా ఆయన గోడౌనులో ఆకు మూటల మధ్య నిలబడి, కళ్లు మెరిపిస్తూ చెప్పాడు. నేను వింటూ ఆ పిల్ల నెట్‌బాల్ గురించి ఆలోచించాను.

"అన్నా, నీ కాళ్లు పట్టుకుంటా. ఆయమ్మ దగ్గర ఈ పాఠం చెప్పొద్దు. సారీ అని ఒక్క మాట చెప్పు, చాలు" అన్నాను.

"తప్పు చేస్తే చెబుతానమ్మా" అన్నాడు.

తర్వాతి రెండు రోజులు నిజంగా ఒళ్లు హూనమైంది. ఇక్కడ మేనేజరు గురించి ఒక మంచి మాట చెప్పాలి. ఆయన తన యూట్ అనే చిన్న ట్రక్కు వేసుకుని ఉత్తరాన తోటలకు పోయాడు. క్యానరీ వాళ్లు వద్దన్న చిన్న పళ్లు, వంకర పళ్లు, ఏవి దొరికితే అవి నిండా వేసుకొచ్చాడు. చలిలో ఆ నిక్కరు మీదే బుట్టలు మోశాడు. మోస్తూ మోస్తూ, "జనవరిలో పెట్టి ఉంటే పండ్లకు కొరతే ఉండేది కాదు" అని మాత్రం సణిగాడు.

నేనూ తెనాలి అన్నా వ్యానులో ఆకు మూటలు వేసుకుని కొట్టు కొట్టుకూ తిరిగాం. ప్రతిచోటా నేను క్షమాపణ చెప్పడం, ఆయన కారణం చెప్పడం. "ఆలస్యమైంది, సారీ" అని నేనంటే, "యాక్చువల్లీ, మా లెక్క ప్రకారం ఇంకా మూడు వారాలుంది" అని ఆయనందుకునేవాడు. నూడుల్స్ చేసే ముసలాయన పిండి చేతులతో నిలబడి మర్యాదగా విన్నాడు. ఒక బేకరీ ఆవిడ మూట లాక్కుని తలుపేసుకుంది. వ్యానులోకి రాగానే నేను విరుచుకుపడ్డాను.

"నోరు మూసుకుని ఉండలేవా అన్నా? నీ బిడ్డ బడి మాన్పించాలనుకుంటాండావా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. "దాని గురించే రోజూ ఆలోచిస్తున్నానమ్మా" అన్నాడు. ఆ తర్వాత రెండు కొట్లలో ఏమీ మాట్లాడలేదు. మూడో కొట్టులో మళ్లీ మొదలుపెట్టాడు.

ఎలాగోలా పెద్ద ఎండ నాటి పొద్దున్నకల్లా ప్రతి హోటల్లో ఆకు మరుగుతోంది. సన్నీబ్యాంక్ వీధంతా కషాయం వాసన. స్వెట్టర్ల వాళ్లు వచ్చారు, గిన్నెలు పట్టుకున్నారు, ఎండలు మండిపోతున్నాయని చెప్పుకున్నారు. ఆవిడ పరువు నిలబడింది. ఇక మా పరువు సంగతి తేలాలి.

మధ్యాహ్నం ఆవిడ మా ముగ్గుర్నీ గోడౌను వెనక వంటగదిలోకి పిలిచింది. నాలుగు గిన్నెల్లో వేడి జెల్లీ పోసి, వేరుశెనగపప్పులు చల్లి పెట్టింది. నల్లగా, జిగురుగా, తీపిచేదుగా ఉంటుంది. నాకు నోటపట్టలేదు, మొహమాటానికి తిన్నాను. మేనేజరు జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ సంతకం కోసం.

ఆవిడ మొదట మేనేజరును అడిగింది. "నేను దీన్ని జనవరికి మార్చమంటే మారుస్తారా?"

"తప్పకుండా! నో వర్రీస్!"

"తర్వాత మళ్లీ జూలైకి మార్చమంటే?"

"మీరెలా అంటే అలా."

ఆవిడ తలూపి తెనాలి అన్న వైపు తిరిగింది. ఆయన గురించి కన్సల్టెన్సీ పెట్టిన షరతు ఆవిడకు తెలుసు. మేనేజరే జాలిపడి చెప్పాడట. కొట్ల వాళ్ల ద్వారా ఆయన లెక్క పాఠం కూడా ఆవిడ చెవిన పడింది. "నీ సూర్యుడు తప్పు అని చెప్పు. సంతకం పెడతాను" అంది.

నేను బల్ల కింద ఆయన కాలు తొక్కాను. గట్టిగానే తొక్కాను.

ఆయన గిన్నె కింద పెట్టాడు. "మేడమ్, మీ పండగకు మీ లెక్క వాడాలి. నేను నాది పెట్టాను. అడగకుండా పెట్టాను. అది నా తప్పు, ఐ యామ్ వెరీ సారీ. మీ లెక్కతో మళ్లీ రాస్తాను, ఎన్నేళ్లకైనా సరిగ్గా వస్తుంది."

నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! ఆగలేదు.

"కానీ నా లెక్క తప్పు అని మాత్రం చెప్పలేను మేడమ్. అది తప్పు కాదు."

"చెప్పకపోతే సంతకం పెట్టను."

"తెలుసండీ" అన్నాడు తెలుగులో. ఆ గదిలో ఆ మాట అర్థమైంది నాకొక్కదానికే. కూతురు గుర్తొచ్చి ఉంటుంది. అయినా ఆ ఒక్క ముక్క ఆయన నోట రాలేదు. చెంప పగలగొట్టాలనిపించింది, ఏడుపూ వచ్చింది.

ఆవిడ కాగితం మడిచి మేనేజరు చేతికిచ్చింది. "జెల్లీ చల్లారితే గట్టిపడుతుంది, తినండి" అంది.

వారం తిరక్కుండా కన్సల్టెన్సీ వాళ్లు ఆయనకు టికెట్ పంపారు. ఆయన భార్య సామాన్లు సర్దడం మొదలుపెట్టింది. నేను వాళ్లింటికి వెళితే ఆ పిల్ల నా మొహం చూడలేదు. ఓకే అని చెప్పినదాన్ని నేనే కదా. ఆయన మీద అంత కోపం నాకు ముందెన్నడూ రాలేదు. మాట్లాడకుండా వచ్చేశాను.

రెండు రోజులకు ఆవిడ నాకు ఫోన్ చేసింది. "ఆ తప్పు సూర్యుడి మనిషి వెళ్లిపోయాడా?"

"ఇంకా లేదు."

"నా దగ్గరికి పంపు. వీసా పని మా లాయరు చూస్తాడు."

ఎందుకని అడిగాను. ఆవిడ విసుక్కుంది.

"నేను ఈ ఊరొచ్చినప్పటి నుంచి అందరూ దీన్ని జనవరికి మార్చమనే చెప్పారు. నా అకౌంటెంటు చెప్పాడు, నా కొడుకులు చెప్పారు. ఇంత చలిలో పెద్ద ఎండేమిటని నవ్వారు. నేను మార్చలేదు. మీ మేనేజరు నేనేం చెబితే అదే రాస్తాడు, రేపు ఇంకొకరు చెబితే ఇంకోటి రాస్తాడు. ఈయన ఇల్లు పోతున్నా తన సూర్యుణ్ణి వదల్లేదు. నాది అప్పగిస్తే నాదీ వదలడు."

ఇదంతా విని మీరు ముచ్చట పడుతున్నారేమో. పడకండి. ఆ రోజు నుంచి నా ప్రాణానికి సుఖం లేకుండా పోయింది. ఆయన ఆవిడ దగ్గర రిటైరయ్యేదాకా పనిచేశాడు. ప్రోగ్రాం రాశాడు, అది ఒక్కసారి కూడా గురి తప్పలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఏ రోజుకు ఆ రోజు ఇద్దరూ వాదించుకునేవాళ్లు. వాదన తెగనప్పుడల్లా ఇద్దరూ నాకే ఫోన్ చేసేవాళ్లు. నేను వేరే కంపెనీలకు మారాను, పదవులు మారాను, చివరికి రిటైరయి సన్నీబ్యాంక్‌లోనే ఇల్లు కొనుక్కున్నాను. అదే నేను చేసిన పొరపాటు.

ఏటా జూలైలో, పెద్ద ఎండ నాడు, ఆవిడ డ్రైవరు చేత మా ఇంటికి ఒక గిన్నె వేడి జెల్లీ పంపేది. ఆగస్టు నడిమధ్యన తెనాలి అన్న స్వయంగా ఇంకో గిన్నె పట్టుకొచ్చేవాడు. "ఇదమ్మా అసలు రోజు. ఆవిడతో చెప్పు నేను తెచ్చిచ్చానని" అనేవాడు. చెప్పేదాన్ని. "ఆయనకు చెప్పు, అది పాచి జెల్లీ అని" అనేది ఆవిడ. ఇన్నేళ్లుగా ఏటా రెండుసార్లు నేను ఆ నల్ల జెల్లీ తింటున్నాను. ఆ జెల్లీ నాకిష్టం లేదని ఇద్దరికీ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ముందే చెప్పాను కదా, ఎవరూ వినరు.

పోయిన ఏడాది చివర్లో ఆవిడ పోయింది. నిద్రలోనే. వ్యాపారం కొడుకులు చూస్తున్నారు.

ఈ ఏడు జూలైలో పెద్ద ఎండ నాటి పొద్దున తలుపు తీస్తే తెనాలి అన్న. మఫ్లర్ చుట్టుకుని, చేతిలో స్టీలు క్యారియరు. చలికి ముక్కు ఎర్రబడింది. మెట్లెక్కి వచ్చినందుకే ఆయాసపడుతున్నాడు.

"ఏందన్నా, నీ రోజుకు ఇంకా మూడు వారాలుంది గదా" అన్నాను.

"ఇవాళేనమ్మా" అన్నాడు. క్యారియరు నా చేతిలో పెట్టాడు. "ఆవిడ లేదుగా. ఎవరో ఒకరు పంపాలి కదా."

ఇద్దరం వంటింట్లో కూర్చుని తిన్నాం. ఆయన మరిగించింది కాస్త మాడింది. గిన్నె ఖాళీ చేశాను. ఎండలు మండిపోతున్నాయి అన్నాను. అవునమ్మా అన్నాడు.

ఆగస్టు వచ్చింది. సింహ సంక్రమణం నాడు పొద్దుటి నుంచి నా చెవులు తలుపు మీదే ఉన్నాయి. ఇష్టం లేని తిండి కోసం ఎదురుచూడటమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. మధ్యాహ్నం దాటింది, సాయంత్రమైంది, ఎవరూ రాలేదు. ఉండబట్టలేక నేనే ఫోన్ చేశాను.

"ఏమన్నా, మర్చిపోయినావా ఈ రోజు?"

"మర్చిపోలేదమ్మా" అన్నాడు. "పట్టుకొస్తే మాత్రం, ఇప్పుడు కాదనేదెవరు?"